కీడీ: లినక్స్‌లో మాడిఫయర్ కీలు మార్చుకునేవాళ్లకి నా రివ్యూ

లినక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, సూపర్ (విండోస్) కీలను మనకి నచ్చిన చోటికి మార్చుకోవడానికి దొరికేవాటిలో కీడీ (keyd) అంత నమ్మకంగా పనిచేసేది నాకైతే ఇంకోటి కనబడలేదు. ఉచితం, ఓపెన్ సోర్స్, సీ భాషలో రాసిన, వెనకాల నడుస్తూ ఉండే చిన్న ప్రోగ్రామ్ (డీమన్), ఒకసారి పెట్టేశాక అది నడుస్తోందన్న సంగతే గుర్తుండదు. కాకపోతే దీని గురించి అడిగేవాళ్లలో చాలామందికి అసలు దీన్ని ఇన్‌స్టాల్ చేసుకునే అవసరమే లేదు. ముందు ఆ ముక్క చెప్పేసి అసలు సంగతికి వస్తా.

మీకు కావాల్సింది క్యాప్స్‌లాక్ కీ కంట్రోల్‌లా పనిచేయడం ఒక్కటే అయితే ఆ సదుపాయం మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు ట్వీక్స్ తెరిచి కీబోర్డ్ కింద అడిషనల్ లేఅవుట్ ఆప్షన్స్ నొక్కితే కంట్రోల్ పొజిషన్ అని కనిపిస్తుంది, అందులో టిక్ పెట్టుకోవడమే. కేడీఈ వాళ్లకి సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ పేజీలోనే దాదాపు అదే పట్టిక ఉంటుంది. స్వే లాంటి విండో మేనేజర్లు వాడేవాళ్లు కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను రాసుకుంటే అయిపోతుంది. డెబియన్, ఉబుంటుల్లో అయితే ఈటీసీ (/etc) కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో కీబోర్డ్ అనే ఫైలు ఉంటుంది, ఆప్షన్ అందులో రాస్తే డెస్క్‌టాప్ లేని నల్ల కన్సోల్‌కి కూడా వర్తిస్తుంది. వీటన్నిటి వెనకా ఉన్నది ఎక్స్‌కేబీ అనే ఒకే వ్యవస్థ. క్యాప్స్‌లాక్‌నీ కంట్రోల్‌నీ ఒకదాని చోట ఒకటి పెట్టడం, క్యాప్స్‌లాక్‌ని ఎస్కేప్ చేయడం, ఎడమ ఆల్ట్‌నీ ఎడమ విండోస్ కీనీ తారుమారు చేయడం ఇవన్నీ అందులో రెడీగా ఉన్నాయి. రెండు షిఫ్ట్‌లూ కలిపి నొక్కితేనే క్యాప్స్‌లాక్ పడే ఆప్షన్ కూడా ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ అన్నిట్లోకీ పనికొచ్చేది అదే. క్యాప్స్‌లాక్ కీని వేరే పనికి వాడేసుకున్నాక పెద్దక్షరాలు కావాల్సొస్తే ఎలా అన్న బెంగ దాంతో తీరిపోతుంది.

కంట్రోల్ చేతికి దూరంగా ఉండే ఈ ఇబ్బంది ఎప్పటిదంటే, 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డ్‌లో కంట్రోల్ కీ ‘ఏ’ (A) అక్షరానికి పక్కనే ఉండేది, క్యాప్స్‌లాక్ ఎక్కడో కుడివైపు కింది మూల ఉండేది. ఆ దశాబ్దం మధ్యలో వచ్చిన 101 కీల కీబోర్డ్‌తో కంట్రోల్ కింది మూలకి దిగింది, చేతికి అందే మంచి చోటు క్యాప్స్‌లాక్‌కి పోయింది. అప్పటినుంచీ చిటికెన వేలు మూలకి సాగదీసుకుంటూనే ఉన్నాం.

ఇక పాత పద్ధతి ఎక్స్‌మాడ్‌మ్యాప్ అనే కమాండ్. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా మొదట దొరికే సలహా ఇప్పటికీ అదే, అందుకే దాని గురించి గట్టిగా చెప్పాలి: దాని జోలికి పోకండి. తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ అయిన ఎక్స్ సర్వర్‌లో మాడిఫయర్లకి ఎనిమిదే గదులు. షిఫ్ట్, లాక్, కంట్రోల్, ఆ తర్వాత మాడ్1 నుంచి మాడ్5 దాకా. ఆల్ట్ మామూలుగా మాడ్1లో, సూపర్ మాడ్4లో, నమ్‌లాక్ మాడ్2లో ఉంటాయి. ఎక్స్‌మాడ్‌మ్యాప్‌తో ఒక కీ మార్చాలంటే ముందు లాక్ గది ఖాళీ చేయాలి, తర్వాత ఆ కీ పేరు మార్చాలి, మళ్లీ దాన్ని కంట్రోల్ గదిలో చేర్చాలి. ఈ వరస తప్పితే కీ పేరు ఒకటి, అది చేసే పని ఇంకొకటి అయి కూర్చుంటుంది. ఇంత చేశాక యూఎస్‌బీ కీబోర్డ్ ఒక్కసారి పీకి పెడితే ఎక్కడి గొంగళి అక్కడే. లేఅవుట్ మార్చినా అంతే. ఇక ఎక్స్‌కి బదులుగా వాడే వేలాండ్‌లోకి వచ్చేసరికి ఎక్స్‌మాడ్‌మ్యాప్, ఎక్స్‌కేబీ ఆప్షన్లు పెట్టే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్ రెండూ పాత ఎక్స్ అప్లికేషన్లకే పరిమితం, వేలాండ్‌లో నేరుగా నడిచే ప్రోగ్రాములు వాటి మాట అస్సలు వినవు. ఒక విండోలో కంట్రోల్, పక్క విండోలో క్యాప్స్‌లాక్, పిచ్చెక్కుతుంది.

కీడీ ఈ గొడవలన్నిటికీ కింద కూర్చుంటుంది. కెర్నల్ నుంచి కీబోర్డ్ సంకేతాలు ఈవ్‌డెవ్ ద్వారా బయటికి వస్తాయి కదా, కీడీ ఆ కీబోర్డ్‌ని పూర్తిగా తన చేతిలోకి తీసేసుకుని, మనం చెప్పినట్టు మార్చి, యూఇన్‌పుట్ అనే దారిలో ఒక వర్చువల్ కీబోర్డ్ సృష్టించి దాన్నుంచి వదులుతుంది. పైనున్నది ఎక్స్ అయినా, వేలాండ్ అయినా, ఉత్త కన్సోల్ అయినా దానికి కనబడేది ఆ వర్చువల్ కీబోర్డే. డెస్క్‌టాప్ మార్చినా సెట్టింగ్ మారదు. నాకు దీని మీద గురి కుదిరింది ఇందుకే, గ్నోమ్ నుంచి స్వేకి వెళ్లినా మళ్లీ వెనక్కొచ్చినా కీబోర్డ్ గురించి ఒక్క లైను కూడా మళ్లీ రాసుకోనక్కర్లేదు.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పని కాదు. ఆర్చ్ లాంటి వాటిలో ప్యాకేజీ ఉంది, లేని చోట సోర్స్ తెచ్చుకుని మేక్, ఆపైన సూడోతో మేక్ ఇన్‌స్టాల్ కొడితే చాలు, అడిగే డిపెండెన్సీలు దాదాపు ఏమీ లేవు. ఆ తర్వాత, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో కీడీ సర్వీస్ ఎనేబుల్ చేయాలి. కాన్ఫిగ్ అంతా ఈటీసీ కింద కీడీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో. ఇక్కడ తెలుగులో చెప్తున్నా గానీ ఫైల్లో దాదాపు అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే. పైన ఐడీస్ అని ఒక విభాగం, అందులో నక్షత్రం గుర్తు పెడితే అన్ని కీబోర్డులకీ అని అర్థం. కింద మెయిన్ అని ఇంకో విభాగం, అందులో క్యాప్స్‌లాక్ ఈక్వల్స్ ఓవర్‌లోడ్, బ్రాకెట్లో కంట్రోల్, కామా, ఎస్కేప్. అంతే, ఫైలు అయిపోయింది. సూడోతో కీడీ రీలోడ్ అంటే ఆ క్షణం నుంచే అమలు, లాగౌట్ అవ్వక్కర్లేదు. ఏదైనా తప్పు రాస్తే ఏ లైన్లో తప్పుందో సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లో కనిపిస్తుంది.

ఆ ఓవర్‌లోడ్ అన్న ఒక్క ముక్క కోసమే చాలామంది దీన్ని పెట్టుకుంటారు. క్యాప్స్‌లాక్‌ని నొక్కి పట్టుకుని ఇంకో కీ కొడితే కంట్రోల్, ఊరికే తట్టి వదిలేస్తే ఎస్కేప్. ఎస్కేప్‌తో మాటిమాటికీ పనిపడే విమ్ ఎడిటర్ వాడేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి. ఎక్స్‌కేబీ ఒక్కదానితో ఇది కుదరదు, ఎక్స్ రోజుల్లో ఎక్స్‌కేప్ అని వేరే ప్రోగ్రామ్ తోడు పెట్టుకునేవాళ్లు. కీడీలో బాగున్నదేంటంటే మామూలు ఓవర్‌లోడ్ గడియారం చూడదు, మధ్యలో వేరే కీ పడిందా లేదా అన్నదే చూస్తుంది. కాబట్టి ఎంత వేగంగా టైప్ చేసినా కంట్రోల్-సీ అనుకున్నది ఎస్కేప్, సీ అని విడిపోదు. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. నక్షత్రం గుర్తు కీబోర్డులకే వర్తిస్తుంది, మౌస్ కావాలంటే దాని ఐడీ విడిగా రాయాలి. అంటే మీరు క్యాప్స్‌లాక్ పట్టుకుని మౌస్‌తో నాలుగు ఫైళ్లు ఎంచుకున్నారనుకోండి, ఆ క్లిక్కులు కీడీకి తెలియవు, దాని లెక్కలో మధ్యలో ఏమీ పడలేదు, వేలు తీయగానే ఎస్కేప్ పంపేస్తుంది, ఎంచుకున్న ఫైళ్లన్నీ ఊడిపోతాయి. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పి జూమ్ చేసేటప్పుడూ ఇదే తంతు. దీనికి మందు గ్లోబల్ అనే విభాగంలో ఓవర్‌లోడ్ ట్యాప్ టైమౌట్ అని ఒక లైను. 200 అని పెడితే 200 మిల్లీసెకన్లకి మించి పట్టుకున్న కీ వదిలినప్పుడు ఎస్కేప్ రాదు. ఇది మొదటి నుంచే ఆన్‌లో ఉంటే బాగుండేది అనిపిస్తుంది, కానీ డిఫాల్ట్‌గా సున్నా పెట్టారు, మనమే వెతుక్కుని మార్చుకోవాలి.

దీనికన్నా ఒక మెట్టు పైన లేయర్లు, అంటే ఒక కీ పట్టుకున్నంతసేపూ మిగతా కీలకి వేరే పనులిచ్చే పట్టికలు. క్యాప్స్‌లాక్ అనే పేరుతోనే ఒక లేయర్ పెట్టి, పేరు పక్కన కోలన్, పెద్ద సీ పెడితే ఆ లేయర్ మొత్తం కంట్రోల్‌లా ప్రవర్తిస్తుంది, అందులో మనం విడిగా రాసిన కీలు మాత్రం వేరే పని చేస్తాయి. ఉదాహరణకి హెచ్, జే, కే, ఎల్ కీలకి బాణం గుర్తులు ఇస్తే క్యాప్స్‌లాక్ పట్టుకుని వాటితో కర్సర్ నాలుగు వైపులా నడిపించొచ్చు, మిగతా అక్షరాలన్నిటికీ అదే క్యాప్స్‌లాక్ కంట్రోల్‌గా ఉంటుంది. కాకపోతే ఎడమ చేతి కింద క్యాప్స్‌లాక్‌తో టెర్మినల్‌లో స్క్రీన్ తుడిచే కంట్రోల్-ఎల్ పోతుంది, దానికి మామూలు కంట్రోల్ కీ వాడుకోవాలి. ఆలోచించి పెట్టుకోండి.

మ్యాక్ నుంచి వచ్చినవాళ్లు అడిగేది ఇంకొకటి, స్పేస్ పక్కనున్న ఆల్ట్‌ని కమాండ్ కీలా వాడొచ్చా అని. ఉత్తినే ఆల్ట్‌ని కంట్రోల్ చేసేస్తే బ్రౌజర్‌లో అంతా బాగుంటుంది, టెర్మినల్‌కి వెళ్లగానే మొదటికే మోసం వస్తుంది, కాపీ చేద్దామని బొటనవేలితో నొక్కిన సీ అక్కడ నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. కీడీలో దీనికి తెలివైన దారి ఉంది. ఆల్ట్‌కి కంట్రోల్ లాంటి ఒక లేయర్ పెట్టి, అందులో సీ కొడితే కంట్రోల్-ఇన్సర్ట్, వీ కొడితే షిఫ్ట్-ఇన్సర్ట్, ఎక్స్ కొడితే షిఫ్ట్-డిలీట్ వెళ్లేలా రాస్తారు. ఈ మూడూ కాపీ, పేస్ట్, కట్‌లకి పాతకాలం నాటి షార్ట్‌కట్లు, ఇప్పటికీ చాలా అప్లికేషన్లు ఒప్పుకుంటాయి, అసలు కంట్రోల్-సీ టెర్మినల్‌కి దాని మానాన అది మిగిలిపోతుంది. పూర్తిగా అతుకుతుందా అంటే లేదు. ఎక్స్‌టర్మ్, అలాక్రిటీ లాంటి కొన్ని టెర్మినల్స్‌లో షిఫ్ట్-ఇన్సర్ట్ అంటే కాపీ చేసింది కాదు, చివరగా మౌస్‌తో సెలెక్ట్ చేసింది పేస్ట్ అవుతుంది. అక్కడ టెర్మినల్ సెట్టింగ్‌లోనే మార్చుకోవాలి, కీడీ ఏమీ చేయలేదు. అప్లికేషన్‌ని బట్టి కీలు మార్చే కీడీ అప్లికేషన్ మ్యాపర్ అని ఒకటి దీంతోపాటే వస్తుంది గానీ దానికోసం మన యూజర్‌ని కీడీ గ్రూపులో చేర్చాలి. కీడీ రూట్‌గా, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది, కీకి షెల్ కమాండ్ తగిలించే సదుపాయం కూడా దాన్లో ఉంది, ఆ కమాండ్ నడిచేదీ రూట్‌గానే. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌లో సరే, నలుగురు లాగిన్ అయ్యే మెషీన్‌లో ఆ గ్రూపు ఎవరికి ఇస్తున్నారో చూసుకోండి.

నా దగ్గర కీడీకి నిజంగా మార్కులు పడేలా చేసింది ఒక్కో కీబోర్డ్‌కి ఒక్కో ఫైలు పెట్టుకోగలగడం. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో పెట్టిన ఎక్స్‌కేబీ ఆప్షన్ మామూలుగా అన్ని కీబోర్డులకీ ఒకేలా పడుతుంది. బయటినుంచి తగిలించిన కీబోర్డ్ మ్యాక్ వరసలో ఉండి, ల్యాప్‌టాప్‌ది మామూలు వరసలో ఉంటే ఆల్ట్, సూపర్ ఏదో ఒకదాంట్లో తలకిందులవుతాయి. ఇక్కడ కీడీ మానిటర్ అని కొడితే మనం నొక్కిన ప్రతి కీ పేరూ, అది ఏ పరికరం నుంచి వచ్చిందో దాని ఐడీతో సహా చూపిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌ల సొంత కీబోర్డ్ 0001:0001 అని మొదలవుతుంది. ఆ ఐడీని ఒక ఫైల్లో, బయటిదాని ఐడీని ఇంకో ఫైల్లో రాస్తే ఇక దేని వరస దానిదే. మానిటర్ నడుస్తున్నప్పుడు పాస్‌వర్డ్ కొడితే అదీ తెరమీద కీ పేర్లుగా కనిపిస్తుందని మర్చిపోకండి.

ఫిర్యాదుల్లో మొదటిది టచ్‌ప్యాడ్. టైప్ చేస్తున్నప్పుడు అరచెయ్యి తగిలి కర్సర్ ఎగిరిపోకుండా, కీబోర్డ్, టచ్‌ప్యాడ్‌ల సంగతి చూసే లిబ్‌ఇన్‌పుట్ టచ్‌ప్యాడ్‌ని కాసేపు ఆపుతుంది కదా, కీడీ పెట్టగానే అది పనిచేయడం మానేస్తుంది. ఎందుకంటే టైపింగ్ ఇప్పుడు వచ్చేది వర్చువల్ కీబోర్డ్ నుంచి, అది ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డేనని లిబ్‌ఇన్‌పుట్‌కి తెలియదు. ఈటీసీ కింద లిబ్‌ఇన్‌పుట్ ఫోల్డర్‌లో లోకల్ ఓవర్‌రైడ్స్ అనే క్వర్క్స్ ఫైలు (పరికరాలకి ప్రత్యేక సూచనలు రాసేది) పెట్టి, కీడీ వర్చువల్ కీబోర్డ్‌ని లోపలిదిగా లెక్కించమని నాలుగు లైన్లు రాసి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది. ఈ నాలుగు లైన్లూ కీడీ పరిచయ పత్రంలోనే ఉన్నాయి, కానీ అంత కిందదాకా చదివేదెవరు. టచ్‌ప్యాడ్ పాడైపోయిందేమో అని టెన్షన్ పడుతూ తిరుగుతారు.

రెండోది భయం. రూట్ స్థాయిలో కీబోర్డ్ మొత్తాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్‌కి తప్పుడు ఫైలు ఇస్తే బయటపడే దారి ఏది? దారి ఉంది, బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ మూడూ ఒకేసారి నొక్కితే కీడీ ఆగిపోయి కీబోర్డ్ మామూలుగా అయిపోతుంది. ఫైల్లో ప్రయోగాలు మొదలుపెట్టే ముందే ఒకసారి నొక్కి చూసుకోండి. అలాగే డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకి బూట్ అయ్యేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ దగ్గర కీడీ ఇంకా నిద్రలేవదు, అక్కడ క్యాప్స్‌లాక్ అంటే క్యాప్స్‌లాకే.

హోమ్ రో మాడ్స్ అని ఏ, ఎస్, డీ, ఎఫ్ కీలనే పట్టుకుంటే కంట్రోల్, ఆల్ట్ అయ్యేలా పెట్టుకునే పద్ధతి ఒకటుంది. కీడీలో దానికి లెటర్‌మాడ్ ఉంది, గబగబా టైప్ చేస్తున్నంతసేపూ అది అక్షరంగానే ఉండి, కాస్త ఆగాక పట్టుకుంటే మాడిఫయర్ అయ్యేలా రెండు సమయాలు ఇవ్వొచ్చు. ఎవరి వేళ్ల వేగం వాళ్లది కాబట్టి ఆ అంకెలు మీరే తేల్చుకోవాలి. నాకైతే ఈ పద్ధతే పడలేదు, దాని కోసమే వచ్చేవాళ్లు రస్ట్‌లో రాసిన కనాటా కూడా చూడండి, సమయాల మీద పట్టు అందులో ఇంకా ఎక్కువ, కాన్ఫిగ్ మాత్రం బ్రాకెట్ల అడవి. మౌస్‌తో నొక్కుకుంటూ మార్చుకోవాలంటే ఇన్‌పుట్ రీమ్యాపర్ ఉంది. కీడీకి కిటికీ, బటన్లు లాంటివేమీ లేవు, ఫైలు రాయడం ఒక్కటే దారి, అది ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు.

తెలుగులో టైప్ చేసేవాళ్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా, లేఅవుట్‌కి దీనివల్ల ఇబ్బంది లేదు. కీడీ చూసేది కీ ఉన్న చోటుని, దానికి అమెరికన్ వరస పేర్లే వాడుతుంది, అది ఏ అక్షరమో పైన ఎక్స్‌కేబీయో, భాషల టైపింగ్ చూసే ఐబస్సో తేలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ వాడినా ఆర్‌టీఎస్ వాడినా క్యాప్స్‌లాక్ కంట్రోల్‌గానే ఉంటుంది. కానీ ఒక కీ నొక్కగానే పడేలా (మాక్రోగా) ఒక ఇంగ్లిష్ పదం పెట్టుకున్నారనుకోండి, తెలుగు లేఅవుట్‌లో ఉండగా అది నొక్కితే ఆ పదం కీలన్నీ తెలుగు అక్షరాలుగా పడి ఏదో చదవలేని ముద్ద వస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్ల సమస్య వేరు. కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కీ పెడుతున్నారు కదా, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అది అసలు ఒక కీ కాదు, నొక్కితే ఎడమ షిఫ్ట్, ఎడమ విండోస్, ఎఫ్23 మూడూ కలిపి వస్తాయి. ఎక్స్‌కేబీలో ఎఫ్23కి చాలాకాలం టచ్‌ప్యాడ్ ఆపేసే అర్థం ఉండేది, అందుకే కొందరికి ఆ కీ వింతగా ప్రవర్తించేది. కీడీలో ఈ మూడింటినీ ప్లస్ గుర్తులతో కలిపి రాసి కంట్రోల్ లేయర్ ఇస్తే కుడి కంట్రోల్ తిరిగొస్తుంది. ముందు కీడీ మానిటర్‌లో ఆ కీ నొక్కి పట్టుకుని చూడండి, వేలు తీసేదాకా అప్ అని పడకపోతే అదృష్టవంతులు. నొక్కగానే డౌన్, వెంటనే అప్ అని పడితే మాత్రం ఆ కీని పట్టుకుని వాడే పనికి నమ్ముకోలేం, ఒకసారి తట్టే పనేదైనా ఇచ్చుకోవడమే. ఎఫ్ఎన్ కీ అయితే అదీ లేదు, చాలా ల్యాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేరే దాన్ని మింగేస్తుంది, మానిటర్‌లో దాని పేరే రాదు. థింక్‌ప్యాడ్ లాంటివాటిలో ఎఫ్ఎన్‌నీ కంట్రోల్‌నీ అటూ ఇటూ మార్చే సెట్టింగ్ బయాస్‌లోనే ఉంటుంది, ముందు అక్కడ చూసుకోండి.